రెండు రూటర్లు, ఒక పెత్తనం

చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. హాల్లోని పాత రూటర్ నుంచి పైగదికి కేబుల్ లాగాలి. అక్కడ కొత్త రూటర్ పెట్టాలి. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇవ్వాలి. నాలుగింటికి ఆ ఇంటి అమ్మాయి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మొదలయ్యేలోగా ఇదంతా ముగించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆమె ఎదురుగా ఉన్నప్పుడు తడబడకుండా చూసుకోవాలి.

ఆ చివరి పని దగ్గరే మన కుర్రవాడు చేతులెత్తేశాడు.

అతను పక్కింటివాడు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఉద్యోగం. వాళ్లింట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాడు కాబట్టి, వీధిలో ఎవరి టీవీ మూగబోయినా కబురు అతనికే వచ్చేది. ఆమె ఈ ఇంట్లో అమ్మమ్మ దగ్గర ఉంటున్న మనవరాలు. ఇంటి నుంచి చేసుకునే ఈ ఉద్యోగం వస్తే ఇక్కడే ఉంటుంది. రాకపోతే అన్నయ్య ఉన్న ఊరికి ప్రయాణం. ఈ సంగతి తన తల్లి నోట విన్నప్పటినుంచి అతనికి అన్నం సయించడం లేదు.

"అయిపోయినట్టేనండీ," అన్నాడు కొత్త రూటర్ ఆన్ చేసి.

ఆమె ఫోన్ చూసుకుంది. "సిగ్నల్ ఫుల్. నెట్ నిల్."

"కింద కూడా పోయిందర్రా!" హాల్లోంచి అమ్మమ్మ కేక. "నా సీరియల్ గిరగిరా తిరుగుతోంది!"

"పైన లేదని పిలిస్తే కింద ఉన్నదీ ఊడగొట్టారు. మీ ల్యాబ్‌లో పిల్లలు ఎలా పాసవుతున్నారండీ?"

"వాళ్లు నన్నిలా కళ్లార్పకుండా చూడరండీ."

"నేను చూస్తున్నది రూటర్‌ని!"

"అందుకే అది కూడా కంగారుపడింది."

ఆమెకి నవ్వొచ్చింది. గడియారం వైపు చూడగానే ఆ నవ్వు ఆరిపోయింది. "మూడున్నర దాటింది. ఇది పోతే నేను వెళ్లిపోవాలి. తెలుసా మీకు?"

తెలుసు. ఆ మాటతో తడబాటు పోయింది. మెట్ల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. తప్పు కళ్లెదుటే ఉంది. ల్యాబ్‌లో ఏ గదికాగది వేరు. ప్రతి రూటర్‌నీ యజమానిగా కూర్చోబెట్టడం అతనికి అలవాటు. ఇక్కడా అదే చేశాడు.

"ఇంట్లో రెండు పెత్తనాలు నడుస్తున్నాయండీ. ఫోన్లకీ టీవీకీ చిరునామా నంబర్లు పంచేది ఒక్కటే ఉండాలి. ఇప్పుడు రెండూ పంచుతున్నాయి. ఒకటి తగ్గాలి."

"ఏది?"

"కొత్తగా వచ్చింది. కింద ఉన్న పెద్దది ఇచ్చింది పైగదికి అందిస్తూ ఉంటే చాలు."

"ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్లే తగ్గాలా?"

"మా ఇంట్లో అయితే నేనే తగ్గుతానండీ."

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అతను తల వంచుకుని కొత్త రూటర్ నంబరు మార్చాడు, పంపకాలు మాన్పించాడు, కేబుల్‌ని పక్క పోర్టులోకి మార్చి గుచ్చాడు.

"వచ్చింది!" అంటూ ఆమె గదిలోకి పరుగెత్తి తలుపేసుకుంది.

అతను మెట్లు దిగి వచ్చేసరికి హాలు నిశ్శబ్దంగా ఉంది. టీవీ ఆపేసి ఉంది.

"నెట్ వచ్చింది కదా మామ్మగారూ, పెట్టుకోండి."

"వద్దులే నాయనా. నా సీరియల్ లాగేసుకుంటే దానికి తక్కువవుతుందేమో. తప్పిపోయిన కూతురు ఇవాళే తల్లిని కలుస్తుంది. రెండేళ్లనుంచి ఎదురుచూస్తున్నాను. కలుసుకోనీ, నేను లేకపోతే ఆగుతారా?"

రెండూ ఒకేసారి నడుస్తాయని అతనికి తెలుసు. అయినా మామ్మగారి పక్కనే కూర్చుని, నల్లటి టీవీ తెరను తనూ చూశాడు.

పైగది తలుపు తెరుచుకుంది. "సోమవారం నుంచి చేరమన్నారు అమ్మమ్మా! ఇక్కడే, ఈ గదిలోనే!" మెట్ల మీద ఆగి అతని వంక చూసింది. "ఇందాకటి మాట మా అమ్మమ్మ ముందు అనగలరా?"

అన్నాడు. ఈసారి తెలిసే అన్నాడు.

"సరేలే," అంది అమ్మమ్మ రిమోట్ వెతుక్కుంటూ. "మీ అమ్మని రేపోసారి ఇటు రమ్మను."

పెళ్లయ్యాక ఇప్పుడా పైగదిలో వాళ్లిద్దరి బల్లలూ పక్కపక్కనే ఉన్నాయి. మీ ఇంట్లో నెట్ హాయిగా వస్తున్నప్పుడు, మనవరాలి కోసం టీవీ కట్టేసి ఖాళీ తెర ముందు కూర్చున్న ఆ పెద్దావిడని ఒక్కసారి తలుచుకోండి.