వదిన వేలికి కట్టిన దారం

విను తల్లీ, ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఈ క్షణమే రాలిపోవాలి. మూడోది నిన్న ఊడింది, దానికీ ఈ కథకీ ఏ సంబంధమూ లేదు.

వయసులో ఉన్నప్పుడు నేనూ, మా అన్న భార్యా తొండల వెంట తిరిగే ఉద్యోగం చేశాం. ఆవిడకి నేను వదిన, నాకు ఆవిడ వదిన. వేలెడంత రాతి తొండలు రోజంతా ఎక్కడెక్కడ తిరుగుతాయో కనిపెట్టి, జంతువుల మీద పరిశోధన చేసేవాళ్ళకి చెప్పడం మా పని. పొడుగాటి కర్ర చివర ఉచ్చు బిగించి పట్టేవాళ్ళం. వీపు మీద జిగురు చుక్క పెట్టి, చిక్కుడు గింజంత దారం ఉండ అంటించేవాళ్ళం. దారం కొస నేలలో దిగ్గొట్టిన మేకుకి కట్టి వదిలేస్తే, తొండ పోయిన దారి పొడుగునా దారం పరుచుకుంటుంది. దాన్ని పట్టుకుని వెనకాలే మేం. ఊపిరి తగిలితే తెగేంత సన్నం దారం అది. తొండ చిక్కుకుంటే ఇట్టే తెగాలి మరి.

ఆ మధ్యాహ్నం ఎండకి నా నీడ కూడా నా వెనకాల దాక్కుంది. తొమ్మిది తొండల్ని వదిలాం. పదోదానికి మేకు లేదు.

"బండి దాకా వెళ్ళి తెస్తానుండు," అన్నాను.

"నువ్వొచ్చేసరికి నా మనవలకి పెళ్ళిళ్ళవుతాయి," అంటూ వదిన దారాన్ని తన చూపుడు వేలికి ముడేసుకుంది. అప్పటికి ఆవిడకి పిల్లలే లేరు.

"తప్పు వదినా. మేకుకే కట్టాలన్నారు."

"ఈ బుల్లి ప్రాణి నన్ను ఈడ్చుకుపోతుందా? నీ నోరంటే భయం గాని, దీనికా!"

తొండ రెండు బండల సందులోకి దూరింది. దారం సాగింది. సాగుతూనే ఉంది. ఉండలో ఉండేది వంద బారలు. రెండు వందలు పోయింది, నేనైతే వెయ్యంటాను. సందులోంచి తడి మట్టీ, పచ్చి మాంసమూ కలిసిన వాసన. లోపల ఏదో... కిర్రు... కిర్రు... రాట్నం తిప్పుతున్నట్టు.

ఒక్క గుంజు.

వదిన బోర్లా పడింది. చెయ్యి మోచేతి దాకా సందులోకి పోయింది. చెంప బండకి రాసుకుని తోలు లేచింది. కాళ్ళు పట్టుకుని లాగాను. ఆ రోజుల్లో ఏనుగునైనా లాగేదాన్ని. అంగుళం కదల్లేదు.

"వదినా..." గొణిగింది. "అవతల ఎవరో... దారం చుట్టుకుంటున్నారు..."

నా చెయ్యి కూడా దూర్చి, కత్తితో దారం కోయబోయాను. కత్తి అంచు విరిగింది. దారం తెగలేదు.

"వేలు కొయ్యి..."

"నా వల్ల కాదు వదినా."

"ఇన్నేళ్ళ కసి ఉందిగా నా మీద... కొయ్యి!"

కోశాను. మొండి కత్తి. ఒకసారి... రెండుసార్లు... మూడోసారికి ఎముక పుటుక్కుమంది. నెత్తురు బిందెడు కారింది. సరే, చెంబుడు. తెగిన వేలు, బల్లి వదిలేసిన తోకలా గిలగిలా కొట్టుకుంటూ చీకట్లోకి జారిపోయింది. చప్పుడు ఆగింది.

వదిన బతికింది. నలభై రోజులకి ఆ చోట వేలు మొలిచింది. గోరు లేదు. బూడిద రంగు. ముట్టుకుంటే చల్లన. డాక్టరు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, ఇంకెప్పుడూ రావద్దన్నాడు.

వదినకి వేలు మొలిచింది, సంతోషం. ఆ సందులో ఉండిపోయిన వేలికి ఏం మొలిచిందో...

అదిగో, వీధి తలుపు దగ్గర ఎవరో "వదినా" అంటున్నారు. వదిన గొంతే. వదినేమో ఇదిగో, నా పక్క మంచం మీద గుర్రు పెడుతోంది. నా మోకాళ్ళు లేవవు గాని, తల్లీ, నువ్వు వెళ్ళి ఏం కావాలో కనుక్కుని రా. చెయ్యి మాత్రం అందించకు.