ఎలుగుబంటి చూపు మంచిది కాదు

రద్వా గొడుగు మూయకుండానే కొట్లోకి దూసుకొచ్చింది. గొడుగు తలుపులో ఇరుక్కుంది. ఆమె గట్టిగా లాగింది. అది కాస్తా తిరగబడి, నీళ్ళన్నీ కౌంటర్ వెనకున్న వగ్దీ మొహం మీద పడ్డాయి.

అలెగ్జాండ్రియాలో ఆ వారమంతా తుఫాను వానే. సముద్రం రోడ్డెక్కి షికారు చేస్తోంది. అలాంటి వానలో వీడియో గేముల కొట్టుకి వచ్చే మనిషి కొనడానికి రాదనీ, కచ్చితంగా పోట్లాటకే వస్తుందనీ వగ్దీకి అర్థమైంది.

"పిల్లలకి భేషైన గేమ్ అన్నారు కదా?" అంటూ రద్వా డబ్బా బల్ల మీద పడేసింది. "మొదలవగానే రాణి రాజుకి విషం పెట్టింది! మా అమ్మ గుండెలు బాదుకుంది."

"డబ్బా మీద కోట, ఇంద్రధనస్సు ఉన్నాయండీ..."

"ఆడి చూడకుండానే అమ్ముతారా?"

"మందుల షాపువాడు మందులన్నీ మింగి అమ్ముతాడా?"

"కనీసం డబ్బా మీద రాసింది చదువుతాడు."

వగ్దీ డబ్బా తిప్పి చూశాడు. పెద్దలకు మాత్రమే అని ఎర్రటి అక్షరాలు. డబ్బాని మెల్లగా కౌంటర్ కిందకి నెట్టేశాడు.

రద్వా స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గింది.

"మా అన్నయ్య కూతురండీ, జుమానా. వాడు ఓడ మీద పనిచేస్తాడు, పిల్ల మా దగ్గరే ఉంటుంది. మెట్ల మీంచి పడి కాలికి కట్టు వేయించుకుంది. మంచం దిగడానికి లేదు. ఊసుపోక నెట్‌లో గేమ్ ఆడుతూ, మంత్రగాడని పేరు పెట్టుకున్న ఎవడికో మా ఇంటి అడ్రసు చెప్పి, ఈరోజు మొలోఖియా ఆకుకూర, భోజనానికి రండి అంది. మా అమ్మ హడలిపోయి ఇంటర్నెట్టే తీయించేసింది. అప్పట్నుంచీ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంటోంది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నెట్ అక్కర్లేని గేమ్ కావాలి. మాయలుండాలి, నెత్తురు ఉండకూడదు."

వగ్దీ మొహం తుడుచుకోవడం కూడా మరచిపోయి విన్నాడు.

"ఈసారి ముందు నేను ఆడతాను. రేపు మీ ఇంటికి తెచ్చి, మీ అమ్మగారి ముందే ఆడి చూపిస్తా. ఆవిడ సరేనంటేనే ఉంచుకోండి."

మర్నాడు సాయంత్రం అతను ఎర్రటి కళ్ళతో, మూడు గేములతో వచ్చాడు. రద్వా తల్లి ఇన్సాఫ్ హజ్ చేసొచ్చినావిడ. వీధంతా హాగ్గా అని పిలుస్తారు. తస్బీ జపమాల పూసలు తిప్పుతూ, జుమానా మంచం పక్కనే టీవీకి ఎదురుగా న్యాయమూర్తిలా కూర్చుంది.

మొదటి గేములో దేవకన్య వచ్చింది.

"ఆ గౌను ఏమిటి? పిల్లకి చలెయ్యదా? తీసెయ్ నాయనా."

రెండోదాంట్లో మాంత్రికుడు నిధి పట్టుకుపోయాడు.

"దొంగవెధవ. తీసెయ్."

మూడోది ఊగే వంతెన మీదుగా డ్రాగన్ గుడ్డుని వాళ్ళమ్మకి చేర్చే ఆట. ఇద్దరు కలిసి మోయాలి. రెండో రిమోట్ రద్వా అందుకుంది.

"ఎడమకి రండి!" అన్నాడు వగ్దీ.

"మీ ఎడమా, నా ఎడమా?"

"వంతెన ఒక్కటేగా అండీ!"

గుడ్డు పడింది. "అయ్యయ్యో" అని అరుస్తూ మళ్ళీ పైకొచ్చింది.

"ఎందుకు గెంతారు?" అంది రద్వా.

"మీరు నాకేసి చూశారని."

"నేను చూస్తే గెంతేస్తారా?"

వగ్దీ మళ్ళీ గెంతేశాడు. గుడ్డు మళ్ళీ పడింది, ఈసారి రద్వా బొమ్మ నెత్తి మీద.

మంచం మీంచి పకపకా నవ్వు వినబడింది. "అత్తా! ఆమ్లెట్ అయిపోయావు!"

హాగ్గా చేతిలో పూసలు ఆగిపోయాయి. రద్వా కళ్ళు తుడుచుకుంటూ వాన మీద ఏదో విసుక్కుంది.

గేమ్ కుదిరింది కాబట్టి వగ్దీ ఇక రానక్కర్లేదు. కానీ రెండ్రోజుల్లోనే వచ్చాడు.

"హాగ్గా, అందులో అడవి దాటాక ఓ ఎలుగుబంటి ఉంది. దాని చూపు మంచిది కాదు. పిల్లలకి తగదు. ఇంకోటి తెచ్చాను."

ఆ తర్వాతసారి వచ్చి, కొత్తగేములో గుమ్మడికాయ మాటతీరు బాగాలేదన్నాడు. మరోసారి వచ్చి, తాబేలు మరీ సోమరి, పిల్లలు చెడిపోతారన్నాడు.

ఆ సాయంత్రం రద్వా అతన్ని సాగనంపడానికి మెట్లదాకా వచ్చింది.

"వగ్దీగారూ, ఆ డ్రాగన్ గేమ్ మా దగ్గరే ఉండిపోయింది. అడవి దాటి వెళ్ళి చూశాను. ఎలుగుబంటి నిద్రపోతోంది. కళ్ళు మూసుకునే ఉంది."

వగ్దీ మెట్లు చూశాడు, కప్పు చూశాడు, కిటికీలోంచి వాన చూశాడు. చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఆ చూపు దానిది కాదండీ. నాది. కానీ మంచిది కాదని మాత్రం అనకండి. పెళ్ళిచూపులదాకా తీసుకెళ్ళాలని ఉంది."

రద్వా తన శాలువా కొసని వేలికి చుట్టింది, విప్పింది.

"మొన్న టీవీ వైరు ఊడిపోయిందని ఫోన్ చేశానే, అది నేనే పీకాను."

"అయితే మరి..."

"గుసగుసలు మెట్ల మీదెందుకు? లోపలికి రండి!" హాగ్గా కేక.

ఇద్దరూ తల వంచుకుని లోపలికి వెళ్ళారు. హాగ్గా చేతిలో రిమోట్ ఉంది. పక్కన జుమానా మంచాన్ని చేత్తో కొడుతూ, "గెంతు నానమ్మా, గెంతు!" అంటోంది.

హాగ్గా టీవీ మీంచి చూపు తిప్పకుండానే అంది: "మీ ఇద్దరి గురించి ఓడ మీదున్న మావాడితో ఎప్పుడో మాట్లాడాను. శుక్రవారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా నాయనా."

వగ్దీ టీవీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "హాగ్గా... నిజంగానా?"

"నిజమే. ముందు పక్కకి జరుగు. డ్రాగన్ కనబడ్డం లేదు."