ఇంకో యాభై మెగాహెర్ట్జ్

మధ్యాహ్నం మూడింటికి ఆమె మందపాటి చేతితొడుగులు వేసుకుని, అన్న వర్క్‌షాపులో బల్ల ముందు నిలబడింది. ఊరంతా "నంబర్ల పిచ్చోడు" అని ముద్దుగా పిలిచిన ఆ అన్న, నెల క్రితం ఈ గదిలోనే పోయాడు. గుండె ఆగిపోయిందన్నాడు ఆమె భర్త. ఆ రోజు పక్కనున్నది అతనొక్కడే. అందరికన్నా ముందు నమ్మింది ఆమే.

బల్ల మీద అన్న వదిలి వెళ్ళిన అరవై నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉంది. దాన్ని ఎవరూ పరుగెత్తించనంత వేగంగా పరుగెత్తించాలని అతని పంతం. ఇందులో తిరకాసేమిటంటే, అరవై మూడు కోర్లు దౌడు తీసినా, ఒక్క సోమరి కోర్ ఎక్కడ చతికిలబడితే అక్కడే అన్నిటికీ హద్దు. ఆ హద్దు జరపాలంటే వేడిని చంపాలి. అందుకే ప్రాసెసర్ మీద రాగి గిన్నె బిగించి ద్రవ నైట్రోజన్ పోస్తారు. అది ఆవిరై గదిలో గాలిని తరిమేస్తుంది కాబట్టి కిటికీ తెరిచి ఉంచాలి. పోసేవాళ్ళు గిన్నె మీంచి చూపు తిప్పరు. వెనక కూర్చున్నవాళ్ళు ఉష్ణోగ్రత చదువుతూ, కిటికీ సంగతి చూసుకుంటారు.

"కిటికీ తీశారా?" అంది.

"తీశా. నువ్వు పొయ్యి," అన్నాడు భర్త వెనక నుంచి.

తెల్లటి పొగ బల్ల అంచు దాటి కాళ్ళ మీదికి జారింది. గిన్నె సన్నగా చిటచిటలాడింది.

"మైనస్ తొంభై."

పోసింది.

"మైనస్ నూట ముప్పై."

వేగం పెరుగుతోంది. ఇంకో యాభై మెగాహెర్ట్జ్ వస్తే రికార్డు అన్న పేరు మీదే. ఆమెకు వేళ్ళు బరువెక్కాయి... తల తేలిపోతోంది.

"మైనస్ నూట అరవై," అంది గొంతు. కాసేపాగి, మెల్లగా... "కిటికీ చూడు, చెల్లీ."

వెనక్కి తిరిగింది.

కుర్చీ ఖాళీ.

పడుతూ లేస్తూ వెళ్ళి కిటికీ పరదా లాగింది. కిటికీ గడియ వేసి ఉంది. సందుల నిండా టేపు. గోళ్ళతో పీకి తెరిచి, గుండెల నిండా గాలి పీల్చి, వసారాలోకి పరుగెత్తింది.

భర్త అక్కడ గోడకానుకుని ఉన్నాడు. "తల తిరిగితే బయటికొచ్చా," అన్నాడు. "పిలిస్తే నీ చెయ్యి కదులుతుందని..."

"కిటికీ?"

"తెరిస్తే ప్రాసెసర్ చెమ్మ పట్టి పాడవుతుంది. అయిదు నిమిషాలే కదా అనుకున్నా."

"అన్న పోయిన రోజు కూడా?"

అతను నేల చూశాడు. "అప్పుడూ అయిదు నిమిషాలే అనుకున్నా."

పెళ్ళయిన నాటి నుంచి అతన్ని "మీరు" అని తప్ప పిలవని మనిషి ఆమె. "నమ్మించి గొంతు కోశావు," అంది. "వాణ్ణీ, నన్నూ... ఒక నంబరు కోసం!"

లోపల మెషిన్ కూత పెట్టింది. రికార్డు దాటింది. అతని ముఖం వెలిగిపోయింది. సిగ్గు లేకుండా వెలిగిపోయింది. "ఫొటో తీసుకుని వచ్చేస్తా," అంటూ లోపలికి దూరాడు.

నిమిషం గడిచింది. రెండు... చప్పుడు లేదు. పోతే పోనీ అనుకుంది, ఒక్క క్షణం నిజంగానే అనుకుంది. తర్వాత తలుపు తోసింది.

అతను కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. కళ్ళు మెషిన్ తెర మీదే ఉన్నాయి.

"మైనస్ నూట తొంభై," అన్నాడు ఆమె భర్త, తల తిప్పకుండా. "బావ పని అయిపోయింది. నువ్వు పొయ్యి, చెల్లీ."