కణాలకి కాస్త టైమివ్వండి

"ఆ తలుపు మళ్ళీ తీశారంటే వేళ్ళు విరిచేస్తాను!"

కణాల్ని వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ పిడి మీదున్న నా చెయ్యి ఠక్కున వెనక్కొచ్చింది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇదే.

"నా కణాలు ఎలా ఉన్నాయోనని..."

"పొద్దుట్నించీ అదే పని. వెచ్చగా పడుకున్నవాళ్ళ దుప్పటి లాగుతారేంటండీ?"

కాలు కాలిన పిల్లిలా తిరగడం నా పుట్టుగుణం. పైగా శుక్రవారం గండం ముంచుకొస్తోంది. నేను కణాల్లోకి పంపే వైరస్ జబ్బు చెయ్యదు. లోపలికి వెళ్తే కణం ఆకుపచ్చగా వెలుగుతుంది, అంతే. నా కణాలున్న ప్లేటులో మాత్రం ఎప్పుడు చూసినా అమావాస్యే. శుక్రవారానికీ వెలగకపోతే ప్రాజెక్టు ఆపేస్తానన్నారు సారు. అప్పుడు ల్యాబ్‌తోపాటు ఈ అమ్మాయినీ వదిలి పోవాలి. రెండోదే ఎక్కువ బాధగా ఉంది.

బుధవారం నా పని చూస్తూ పక్కనే నిలబడింది. ప్లేటుకి అతుక్కున్న కణాల్ని ట్రిప్సిన్ ద్రవంతో ఊడదీసి, కొత్త ప్లేటులో వేసి, వైరస్ కలపబోయాను.

"ఆగండి! అప్పుడేనా?"

"శుభస్య శీఘ్రం."

"మీ తలకాయ! ట్రిప్సిన్ కణాల పైనున్న ప్రోటీన్లనీ కోసేస్తుంది. వైరస్ ముళ్ళు పట్టుకునేది వాటినే కదా? పట్టు దొరికితేనే కణం దాన్ని లోపలికి లాక్కుంటుంది. తలుపు తీసేవాళ్ళని బయటికి పంపేసి చుట్టాన్ని పిలుస్తున్నారు మీరు!"

నాకు సిగ్గేసింది. "మరిప్పుడు?"

"రేపటిదాకా వదిలెయ్యండి. ఆ ప్రోటీన్లని అవే మళ్ళీ తయారు చేసుకుంటాయి."

"సరే. ఇంకో మాట. మీరంటే నాకు..."

"కణాలకే కాదు, నాక్కూడా కాస్త టైమివ్వండి" అంటూ వెళ్ళిపోయింది. కిటికీ అవతల వాన మొదలైంది.

గురువారం వైరస్ కలిపి, చేతులు జేబుల్లో కుక్కుకుని ఇంటికి పోయాను. నిద్ర పడితే ఒట్టు.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళేసరికి ఇంక్యుబేటర్ తలుపు తెరిచి, లోపలికి తొంగిచూస్తోంది ఆ అమ్మాయి!

"వేళ్ళు విరిచెయ్యమంటారా?"

ఉలిక్కిపడింది. "ఇవి వెలక్కపోతే మీరు వెళ్ళిపోతారు కదా. ఆగలేకపోయానండీ."

ప్లేటు మైక్రోస్కోపు కింద పెట్టాను. చూసే ధైర్యం లేక, "మీరే చూడండి" అన్నాను.

చూసి తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళు, పెదవుల మీద నవ్వు. "పచ్చగా ఉన్నాయి. ప్లేటంతా!"

సారు గదికి పరుగు తీయబోతే కోటు పట్టుకుని ఆపింది.

"ఎప్పుడూ తొందరేనా? బుధవారం ఏదో చెప్పబోయారు. అది పూర్తి చేసి వెళ్ళండి."

"మీరంటే నాకు చాలా ఇష్టం" అన్నాను, ఒక్క అక్షరమైనా తొందరపడకుండా.

"ఇక వెళ్ళండి" అంది, కోటు మాత్రం వదలకుండా.