పిలవనోళ్ళ బియ్యం

శ్రీలత మొదటిసారి కంప్యూటర్ సెంటర్ మెట్లెక్కింది పోట్లాడటానికే. బాన్సువాడలో కంప్యూటర్లు ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. శ్రావణమాసం, ముహూర్తాల కాలం. ఆమె గొడుగు నుంచి నీళ్ళు కీబోర్డు మీద కారుతున్నా సెంటర్ నడిపే అఖిలేశ్ చూసుకోలేదు. అతను ఆమెనే చూస్తున్నాడు.

"నేను వంటల ముత్తెన్న బిడ్డను. బియ్యం లెక్కల గా ఐదు కిలోలు తీసేసింది మీరేనా సార్?"

తీసేసింది అతనే. పెళ్ళివాళ్ళది పూటకో మాట. మూడొందల మంది అన్నవాళ్ళు తెల్లారేసరికి నాలుగొందలంటారు. ఆ తలనొప్పి పడలేక ముత్తెన్న ఎక్సెల్‌లో లెక్క కట్టించుకున్నాడు. మంది ఎందరో ఒక్కచోట మారిస్తే చాలు, బియ్యం, పప్పు, నూనె వాటంతటవే మారతాయి. నిన్నటికీ ఇవాల్టికీ ఎంత తేడా వచ్చిందో పక్క గడిలో కనిపిస్తుంది. అయితే ముత్తెన్న చెప్పిన బియ్యం లెక్క చివర ఎప్పుడూ ఓ ఐదు కిలోలు ఎక్కువుండేవి. మంది పెరిగినా తగ్గినా అవి కదలవు. పెద్దాయన పొరబడ్డాడనుకుని అఖిలేశ్ వాటిని ఫార్ములాలోంచి కొట్టేశాడు. నిన్న నస్రుల్లాబాద్ పెళ్ళిలో చివర కూర్చున్నవాళ్ళకు అన్నం చాలలేదు.

"గవి పిలవనోళ్ళ బియ్యం సార్. పత్రిక అందనోళ్ళు, తొవ్వల పోయేటోళ్ళు, ఎవరో ఒకరు వస్తరు. ఆకలితోని వచ్చినోళ్ళను పొమ్మంటే మా నాయినకు నిద్ర పట్టది."

అఖిలేశ్ తప్పు ఒప్పుకుని ఫార్ములా చివర ప్లస్ ఐదు చేర్చాడు. అప్పుడు నవ్వింది చూడండి, బయట వాన ఆగిందో లేదో అతనికి ఈనాటికీ తెలియదు.

ఆ తరువాత ఏ పెళ్ళిలో మంది మారినా ఆమే వచ్చేది. మాటిమాటికీ లెక్క మార్చేవాళ్ళను ముత్తెన్న తిట్టుకుంటే, అఖిలేశ్ వాళ్ళకు మనసులోనే దండాలు పెట్టుకునేవాడు. ఎవరూ ఏమీ మార్చని రోజు ఆమె రాదు. ఆ రోజు కరెంటున్నా సెంటరు చీకటిగానే ఉండేది. నంబర్లు కొట్టడం నేర్పుతుంటే ఆమె చేతుల నుంచి కొత్తిమీర వాసన వచ్చేది. అది మనసును ఎటో తేల్చుకుపోయే వాసన. ఆమె వెళ్ళాక కూడా అతను మౌస్ మీది నుంచి చెయ్యి తీసేవాడు కాదు.

ఓ సాయంత్రం ఆమె కొత్త లెక్క తనే కొట్టింది. పన్నెండు మంది. ఎవరింట్లో అని అడిగాడు.

"మా ఇంట్లనే. ఐతారం నన్ను సూడనీకి వస్తుండ్రు."

అఖిలేశ్‌కు చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. పన్నెండు మందికి ఆరు కిలోల పైనే చూపిస్తోందని, కావాలంటే ఆ ఐదూ తీసేస్తానని మాత్రం అన్నాడు. ఉండనివ్వమంది. మెట్ల దగ్గర ఒకసారి ఆగి చూసి వెళ్ళిపోయింది.

ఆ ఐతారానికి ముందు రోజు, శనివారం, తడిసి ముద్దై వచ్చింది. పన్నెండు చెరిపేసి సున్నా పెట్టింది.

"నేనే వద్దన్న. ఎందుకని నాయిన అడుగుతుండు. రేపటిదాంక జవాబు చెప్పకుంటే మళ్ల వాళ్ళనే రమ్మంటడట."

అఖిలేశ్ తెర వంక చూశాడు. మంది సున్నా. బియ్యం ఐదు కిలోలు.

"ఎవ్వరు రాకున్నా ఐదు కిలోలు చూపిస్తుంది," అన్నాడు నెమ్మదిగా.

"పిలవనోళ్ళకు గద." ఈసారి సార్ అనలేదు. "నువ్వు వస్తవా?"

"అమ్మను తోలుకొని వస్త. నువ్వు కొట్లాడనీకి వచ్చిన రోజు నుంచే నువ్వంటే పానం నాకు."

ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ, చెప్పడానికి ఇన్ని పెళ్ళిళ్ళు కావాల్నా అంది.

ఆదివారం అఖిలేశ్ తల్లి సావిత్రమ్మ కొడుకు వెంట ముత్తెన్న వాకిట్లోకి అడుగుపెట్టి, పిలవకుండా వచ్చామని మొహమాటపడింది. పొయ్యి ముందున్న ముత్తెన్న గరిటె ఆపాడు. అఖిలేశ్‌ను చూశాడు, తలుపు చాటున తల వంచుకున్న బిడ్డను చూశాడు. బిడ్డను అడిగినదానికి జవాబు దొరికిపోయింది.

"మా ఇంట్ల పిలవనోళ్ళకే ముందుగాల బియ్యం పోస్తం చెల్లె, కూసో," అని అఖిలేశ్ వైపు తిరిగాడు. "ఏం అల్లుడా, మళ్ల గా ఐదు కిలోలు తీసేస్తవా?"

జన్మలో తీయనన్నాడు అఖిలేశ్. ముత్తెన్న బిడ్డను పిలిచి విస్తరాకులు వేయమన్నాడు.