సిమెంటు మీది గొంగడి

ఎనుమాముల దారిలో ఆ జాగకు ముందునుంచీ పేరు మంచిది కాదు. దీపాలు పెట్టినంక ఎవరో వరుస కలిపి పిలుస్తారట... అక్కా అనో, బిడ్డా అనో. పలికినవాళ్లు బతకరట. అందుకే అగ్గువకు వచ్చింది.

హమాలీ రాజమల్లు, భార్య రాజక్క ఆ జాగ కొని, పుష్యమాసంలో గోడలు లేపారు. ఎదురుగానే వాళ్ల కిరాయి అర్ర.

రాజక్కకు ధైర్యం చెప్పింది మామ కట్టయ్యే. "దెయ్యం రెండుసార్లే పిలుస్తది బిడ్డా. మూడోసారి పిలిస్తే మనిషే. అప్పుడు పలుకు."

సిమెంటు పర్మిట్ మీద దొరికే రోజులవి. పన్నెండు బస్తాల కోసం రాజమల్లు మూడు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఇంటికింకా కప్పు లేదు, దర్వాజ లేదు. బస్తాల కాపలాకు కట్టయ్యను పండబెట్టారు. మంచు తగిలితే సిమెంటు గడ్డ కడుతుందని, ముసలాయన గొంగడి తీసి బస్తాల మీద కప్పింది రాజక్క.

"మరి నాకు, బిడ్డా?"

"గోడ చాటుకు పండుకో మామా. సిమెంటు రాయైతే మళ్ల ఎవరిస్తరు?"

ముసలాయన ఒంటి మీది అంగీతోనే గోడ చాటుకు జరిగాడు. ఆయన రెండో అంగీ అప్పటికే దిష్టిబొమ్మకు పోయింది. దాంట్లో గడ్డి కూరి, గోనెగుడ్డ తలకాయకు బొగ్గుతో కళ్లు దిద్ది, గుంజకు కట్టింది కూడా రాజక్కే.

ఆ రాత్రి కుక్కలు కూడా మొరగలేనంత చలి. సిమెంటు చూసొద్దామని రాజక్క కందిలి పట్టుకొని పోయింది.

గుంజకు బొమ్మ లేదు.

లోపల, బస్తాల పక్కన కూర్చొని ఉంది. అంగీ నిండా గడ్డి. బొగ్గు కళ్లు. కందిలి వెలుగుకు మెల్లగా తల ఎత్తింది...

కందిలి అక్కడే పడేసి అర్రలోకి ఉరికొచ్చి, గడియ పెట్టి, మొగుణ్ణి లేపింది.

"నాయిన ఏడి?"

"కనపడలే... అదే కూసున్నది."

కాసేపటికి దారి మీద ఏదో కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. గడ్డి గరగరలాడింది. తలుపు దగ్గర ఆగింది.

"బిడ్డా..."

పళ్లు టకటక కొట్టుకునే గొంతు. మనిషి గొంతులాగే లేదు. రాజక్క చెయ్యి గడియ మీదికి పోయింది. రాజమల్లు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒకటి," అన్నాడు గుసగుసగా.

"బిడ్డా... జర..."

"రెండు."

మూడో పిలుపు కోసం చూశారు. కోడి కూసేదాకా చూశారు.

తెల్లారి తలుపు తీస్తే, దిష్టిబొమ్మ గడప మీద ముడుచుకొని పడి ఉంది. రాజమల్లు కర్రతో ఒక్కటేశాడు. చప్పుడు గడ్డి మీద కొట్టినట్టు రాలేదు.

రాజక్క వంగి, గోనె తలకాయ లాగింది. లోపల... కట్టయ్య. చలికి కొయ్యబారిపోయి ఉన్నాడు.

అవతల గొంగడి మంచుకు తడిసి, కప్పింది కప్పినట్టే ఉంది. ముసలాయన ముట్టుకోలేదు. సిమెంటు ఒక్క గడ్డ కట్టలేదు. ఆ సిమెంటుతోనే ఇల్లు పూర్తయింది.

ఇప్పుడు పుష్యమాసం వస్తే, రాజక్క గొంగడి ఒళ్లో పెట్టుకొని ఆ ఇంటి తలుపు వెనకే కూర్చుంటుందట. మొదటి పిలుపుకే తీస్తుందట. బయట ఎవరూ ఉండరు... మంచు తప్ప.

తలుపు మూస్తుంది.

అప్పుడు వినిపిస్తుందట రెండో పిలుపు — ఇంటి లోపలి నుంచి.