మూడో మోటారు

"ఈ మూడో మోటారు మీకు అమ్మను," అంది మోటార్ల షాపు ఇంజనీరు.

కొనడానికొచ్చిన అతను తలెత్తి చూశాడు. కౌంటరు వెనక కూర్చుని అమ్మననే మనిషిని ఇంతవరకూ చూడలేదు. నాన్న చేత్తో తిప్పి ఇనుము చెక్కిన మిల్లింగ్ మెషీన్‌ను ఇకపై కంప్యూటర్‌తో నడపాలి. దానికి మూడు సర్వో మోటార్లు, వాటిని నడిపే డ్రైవులు కావాలన్నాడు, అంతే.

"రెండిస్తాను. మెషీన్ తలను పైకీ కిందికీ కదిపేదానికి మాత్రం బ్రేక్ ఉన్నదే తీసుకోండి."

"ఆ తల ఇన్నేళ్లలో ఒక్కసారీ జారలేదండీ."

"పాత స్క్రూ బిగబట్టి ఉంచేది. మీరు బాల్ స్క్రూ వేయించారుగా, అది వెన్నలా తిరుగుతుంది. కరెంటు పోతే తల కిందికొచ్చేస్తుంది."

"అయితే ఇంకా పెద్ద మోటారివ్వండి."

"కరెంటు పోయాక పెద్దదైనా చిన్నదైనా ఒకటే," అని నవ్వింది.

ఆ నవ్వుకి అతనిలో మొండితనం లేచింది. మెషీన్ జారుతుందని ఒప్పుకుంటే, నాన్న చేయి వణుకుతోందనీ ఒప్పుకోవాలి. మూడోది ఇంకోచోట కొన్నాడు, బ్రేక్ లేనిదే.

డ్రైవులు సెట్ చేయడానికి ఆమె షెడ్డుకి వచ్చింది. స్టూలు మీదున్న తండ్రిని "బాగున్నారా అంకుల్" అని పలకరించింది. మూడో మోటారుకి బ్రేక్ లేదని చూసింది. మూలనున్న కర్ర దిమ్మ తెచ్చి తల కింద నిలబెట్టింది.

"నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది. మోటారు మీద లేదు."

మెషీన్ బల్ల మీద స్విచ్చు బిగించడానికి తల కిందికి చేయి పెట్టింది. అప్పుడే కరెంటు పోయింది.

తల జారింది. ధన్‌మని దిమ్మ మీద ఆగింది, ఆమె వేళ్లకు జానెడు పైన.

అతను భయంతో ఆమె చేతిని ఇవతలికి లాగాడు. ఆ భయం అడుగున ఇంకోటి కనబడింది: ఈ చేతిని తను రోజూ చూడాలనుకుంటున్నాడు. ఎప్పట్నుంచో తెలియదు. తల జారినందుకన్నా దానికే ఎక్కువ అదిరిపడ్డాడు.

"వేళ్లన్నీ ఉన్నాయి, కావాలంటే లెక్కపెట్టుకోండి," అంది.

"మెషీన్ అమ్మేస్తాను."

"అమ్మేస్తే నేనింక దేనికి రావాలిక్కడికి?"

అతను దిమ్మ మీద ఆగిన తలకేసి చూశాడు.

తండ్రి లేచాడు. "జారితే జారిందిరా. నా చేయి వణకట్లేదూ? వెళ్లి ఆ అమ్మాయి చెప్పింది తెచ్చుకో."

"వెళ్లక్కర్లేదు, మామయ్యగారూ. ఆ బ్రేకున్నది మొదటిరోజే తీసి పక్కన పెట్టాను, ఇవాళ వెంట తెచ్చాను."

అన్న మాట తన చెవినే పడి ఆమె బిగుసుకుపోయింది. తండ్రి చిన్నగా దగ్గి, తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచాడు.

కరెంటు వచ్చింది. మెషీన్ ఆన్ చేయడానికి ఇద్దరూ కదల్లేదు.